ప్లే థెరపీలో కదలిక: రాయలసీమ పిల్లలతో పనిచేసేవారికి ఒక మార్గదర్శిని

మూడు నుంచి పన్నెండేళ్ల మధ్య వయసున్న బిడ్డను ఎదురుగా కూర్చోబెట్టి ‘నీకేం బాధ నాయనా’ అని అడిగితే, చాలాసార్లు తల వంచుకుని ఊరుకుంటుంది, లేదా అడిగినవారికి ఏం కావాలో ఊహించి అదే చెబుతుంది. అదే బిడ్డ ముందు నాలుగు బొమ్మలు పెట్టి, కావలసినంత చోటు ఇచ్చి, ఏం ఆడాలో మనం చెప్పకుండా ఉంటే, మాటల్లో పెట్టలేనిది ఆటలోకి వస్తుంది. 1940ల్లో అమెరికాలో వర్జీనియా ఆక్స్‌లైన్ ఈ పరిశీలన మీదే ఆట చికిత్సకు, అంటే ప్లే థెరపీకి, ఎనిమిది సూత్రాలు కూర్చారు; బిడ్డను ఉన్నది ఉన్నట్టుగా అంగీకరించడం, తొందరపెట్టకపోవడం, దారి బిడ్డ చూపుతుంటే పెద్దవారు వెనక నడవడం వాటిలో ముఖ్యమైనవి. దాదాపు అదే కాలంలో వాషింగ్టన్‌లోని సెయింట్ ఎలిజబెత్స్ ఆసుపత్రిలో మేరియన్ చేస్ అనే నర్తకి, మాట పెగలని రోగుల కదలికలను అందుకుని తానూ అదే లయలో కదులుతూ వారితో అనుబంధం కుదుర్చుకోవచ్చని చూపారు. కదలికతో కూడిన ప్లే థెరపీ ఈ రెండు దారుల నుంచీ తీసుకుంటుంది.

కర్నూలు, అనంతపురం, కడప జిల్లాల్లో ఈ పద్ధతిని వాడేటప్పుడు సూత్రాలు మారవు గానీ శరీరం చెప్పే అర్థాలు మారతాయి. తల వంచుకోవడం, పాదం తగలడం, చేయి పట్టుకోవడం, డప్పు కొట్టడం, కర్ర ఎత్తడం ఇక్కడ ఉత్త కదలికలు కావు. అల్మారాలో రెండు కోలాటం కర్రలు పెట్టేస్తే సాంస్కృతిక స్పృహ వచ్చేసినట్టే అనుకునేవారితో నేను ఏకీభవించను. ఆ బిడ్డ ఇంట్లో, వీధిలో, జాతరలో ఫలానా కదలికకు ఉన్న అర్థం ముందే తెలుసుకోవాలి. తెలిశాక కూడా నిర్ణయానికి దూకకుండా ఆటనే చూస్తూ ఉండాలి. శిక్షణ పొందిన కౌన్సెలర్లను, సైకాలజిస్టులను, వారి పర్యవేక్షణలో పనిచేసే ప్రత్యేక విద్య ఉపాధ్యాయులను దృష్టిలో పెట్టుకుని ఇది రాస్తున్నాను.

మొదటి మాట కుటుంబంతో

బిడ్డను గదిలోకి పిలవకముందే పెద్దవారితో విడిగా ఒక విడత మాట్లాడాలి. తీసుకొచ్చినవారు తల్లిదండ్రులే కానవసరం లేదు. కోసిగి, మంత్రాలయం, ఆదోని వైపు పల్లెల నుంచి మిరప కోతలకు, పత్తి తీతకు గుంటూరు వైపు వలస పోయే కుటుంబాల్లో కొందరు బిడ్డలు నెలల తరబడి అవ్వాతాతల దగ్గరే ఉంటారు. కడప, రాయచోటి, రాజంపేట ప్రాంతాల్లో తల్లో తండ్రో కువైట్‌లో పనిచేస్తూ ఫోన్‌లోనే బిడ్డను పలకరించే ఇళ్లు చాలా ఉన్నాయి. అలాంటి ఇంటి నుంచి వచ్చిన అవ్వను ‘అమ్మానాయనా రాలేదా’ అని మొదటే అడిగితే, తప్పు చేసినదానిలా ముడుచుకుపోతుంది. ‘అవ్వా, బిడ్డ రాత్రిపూట ఎవరి పక్కన పడుకుంటాడు? అన్నం ఎవరు పెడితే తింటాడు?’ అని అడిగితే ఇంటి సంగతంతా దానంతటదే బయటికి వస్తుంది. సమ్మతి మాత్రం తల్లిదండ్రుల నుంచే, దూరంగా ఉంటే ఫోన్‌లో వివరంగా మాట్లాడి తీసుకోవాలి. బిడ్డకు కూడా తన వయసుకు తగిన మాటల్లో చెప్పి, ఇష్టమేనా అని అడగాలి.

‘ఆడుకునేదానికి ఇంత దూరం బస్సెక్కి రావాల్నా సారూ, మందేమన్నా రాయండి’ అనే మాట తప్పకుండా వినబడుతుంది. దానికి చిన్నబుచ్చుకోనక్కరలేదు. కూలి పోగొట్టుకుని వచ్చిన మనిషి అడగవలసిన ప్రశ్నే అది. బిడ్డ భయాన్ని నోటితో చెప్పలేకపోతోందని, ఆటలో అది బయటికి వస్తే మనం దానిని పట్టుకుని బిడ్డకు తోడు ఉండగలమని, వారానికోసారి ముప్పావుగంట చొప్పున కొన్ని వారాలు పడుతుందని, అందులో ఏం మార్పు కనబడవచ్చో, ఏం కనబడకపోవచ్చో నేరుగా చెప్పాలి.

బిడ్డ దడుసుకున్నాడని, గాలి సోకిందని, దర్గాలో తాయెత్తు కట్టించామని పెద్దవారు చెప్పినప్పుడు ముఖంలో కూడా వెక్కిరింపు కనబడకూడదు. ‘ఎప్పుడు దడుసుకున్నాడు, ఆ రోజు ఏం జరిగింది’ అని అడిగితే చికిత్సకు అవసరమైన చరిత్ర ఆ మాటలోనే దొరుకుతుంది. ఆటలో అడ్డొస్తుందని తాయెత్తునో, మొలతాడునో, నల్లదారాన్నో విప్పించడం ఎంతమాత్రం తగదు. ఆ దారం బిడ్డకు ధైర్యమిస్తున్నంత కాలం అది మన పనికి సాయమే.

ఇంట్లో ఏ భాష మాట్లాడతారో కూడా ఇప్పుడే తెలుసుకోవాలి. ఆదోని, రాయదుర్గం, మడకశిర వైపు కన్నడం, పట్టణాల్లో ఉర్దూ, తండాల్లో లంబాడీ మాట్లాడే బిడ్డలు తెలుగు బాగానే పలుకుతున్నా, ఆటలో కోపమో ఏడుపో వచ్చినప్పుడు ఇంటి భాషలోకి జారతారు. ఆ భాష మనకు రాకపోతే వచ్చినట్టు నటించకుండా, లయనూ ముఖాన్నీ చూసి బదులివ్వాలి.

ఆరోగ్యం గురించి అడగడం మరవకూడదు. ఫిట్స్, ఆస్తమా, గుండె జబ్బు, తీవ్రమైన రక్తహీనత ఉంటే గిరగిర తిరిగే ఆటలు, పరుగులు డాక్టరును అడగకుండా మొదలుపెట్టవద్దు. ఫ్లోరైడ్ నీళ్లు తాగే ఊళ్ల బిడ్డ కూర్చోవడానికి, లేవడానికి ఇబ్బంది పడుతుంటే దానిని మొండితనంగానో మానసిక సమస్యగానో లెక్కగట్టకముందే కీళ్ల పరీక్ష చేయించాలి.

గది, నేల, పాదాలు

కుర్చీలు తీసేసి నేల మీద చాప పరిచిన గది చాలు. చెప్పులు బయట విడిచి, మనం కూడా నేల మీదే కూర్చోవాలి. పెద్దవారు తనతో సమానంగా కింద కూర్చోవడం బడిలో చూడని బిడ్డ మొదట బిగుసుకోవచ్చు. అందుకని కాస్త పక్కకు తిరిగి కూర్చుంటే మేలు. పెద్దల ముందు కళ్లు దించుకోవడం ఇక్కడ మర్యాద. పాశ్చాత్య చెక్‌లిస్టు చేతిలో పట్టుకుని ‘కళ్లలోకి చూడలేదు’ అని ఆటిజం వైపో, సిగ్గు వైపో లెక్క కట్టే ముందు, అదే బిడ్డ తన ఈడు పిల్లలతో ఆడేటప్పుడు ఎలా చూస్తోందో గమనించాలి.

పాదాలతో రంగులద్దడం, పరిచిన కాగితాల మీద గెంతడం విదేశీ పుస్తకాల్లో విరివిగా కనిపించే పనులు. మన పిల్లలు కాగితానికి కాలు తగిలితే వంగి తాకి కళ్లకద్దుకుంటారు. అచ్చు కాగితాల మీద గెంతమంటే కొందరు కదలకుండా నిలబడిపోతారు. మొండితనం అనిపించే ఆ నిలబడడం వెనక సరస్వతిని తొక్కడమన్న భయం ఉండవచ్చు. సుద్దతో నేల మీద గళ్లు గీస్తే ఆ చిక్కే లేదు. తొక్కుడు బిళ్ల గళ్లు గీయడం బిడ్డకే వదిలేస్తే, గళ్ల పరిమాణం, గీత ఒత్తిడి, తనకోసం ఎంత చోటు తీసుకుంటోంది అన్నవి గెంతు మొదలవకముందే తెలుస్తాయి. ఆటలో మన కాలు బిడ్డకు తగిలితే, ఇంట్లో చేసినట్టే చేత్తో తాకి దండం పెట్టుకోవడం సహజంగా ఉంటుంది. చాలామంది బిడ్డలు దానికి నవ్వేస్తారు.

బొమ్మల ఎంపికలో బిడ్డ చూసిన ప్రపంచం ఉండాలి: గ్యాస్ పొయ్యితోపాటు కట్టెల పొయ్యి, సంగటి కెలికే కట్టె, చాట, చెంబు, ఆటో, ట్రాక్టరు, ఆర్టీసీ బస్సు, గొర్రెలు, చామనఛాయ ముఖాల బొమ్మలు, పాడైపోయిన సెల్‌ఫోన్, ఒక విమానం. తల్లి కువైట్‌లో ఉన్న బిడ్డ ఆ విమానాన్ని ఎన్నిసార్లు ఎగరేస్తుందో, దింపుతుందో లేదో చూడండి. దేవుడి బొమ్మలు, పటాలు నేల మీది ఆటవస్తువుల్లో కలపవద్దు. ఏప్రిల్, మే నెలల్లో ఎండ నలభై డిగ్రీలు దాటుతుంది గనక ఒళ్లు అలిసే ఆటలను ఉదయం పూటకు పెట్టుకుని, గదిలో తాగునీళ్లు ఉంచాలి.

బిడ్డ కదలికను అందుకోవడం

సెషన్ మొదలవగానే ‘రండి, డాన్స్ చేద్దాం’ అనడం చాలామంది చేసే పొరపాటు. బడి వార్షికోత్సవానికి స్టెప్పులు నేర్పించినట్టు అవుతుంది, బిడ్డ మన మెప్పు కోసం ఆడుతుంది. బదులుగా, బిడ్డ తెచ్చిన కదలిక ఏదో ఒకటి ఉంటుంది: వేళ్లతో చాప పోగులు లాగడం, గోడకు వీపు రుద్దడం, బొమ్మ బస్సును విసిరినట్టు తోయడం. దాన్ని నాలుగు వైపుల నుంచి చూడమని, నృత్య కదలికలను విశ్లేషించిన రుడాల్ఫ్ లాబన్ పద్ధతి చెబుతుంది. బలంగా ఉందా, తేలికగా ఉందా. వడిగా ఉందా, నిదానంగా ఉందా. ఒక చోటికే గురిపెట్టినట్టు ఉందా, నలుదిక్కులా పోతోందా. బిగబట్టినట్టు ఉందా, ధారగా సాగుతోందా. ఈ నాలుగు గమనికలు రాసుకుంటే, వారాలు గడిచే కొద్దీ ఏది మారుతోందో కనబడుతుంది. ‘బిడ్డ హుషారుగా ఉంది’ అని రాసుకుంటే ఏమీ కనబడదు.

గమనించినదాన్ని అద్దం పట్టినట్టు తిరిగి చేయడం చేస్ కాలం నుంచి వచ్చిన పద్ధతి. కానీ బిడ్డ చేసినదాన్ని యథాతథంగా చేసి చూపిస్తే మన ఊళ్లలో ‘వెక్కిరిస్తున్నారు’ అనే అర్థం వచ్చే ప్రమాదం ఉంది. నత్తి ఉన్న బిడ్డకో, నడకలో తేడా ఉన్న బిడ్డకో అది రోజూ బడిలో జరిగే అవమానమే. అందుకని కదలికను కాక దాని లయను అందుకోవాలి. బిడ్డ బస్సును ధాటిగా తోస్తుంటే, మనం అదే వేగంతో అరచేత్తో చాప మీద తట్టాలి. బిడ్డ ఆగితే ఆగాలి. కాసేపటికి బిడ్డ కావాలని ఆగి, మనం ఆగామా లేదా అని ఓరగా చూస్తుంది. ఆ చూపుతో బంధం మొదలైనట్టే.

బిడ్డ దగ్గర ఏ కదలికా కనబడనప్పుడు వీధి ఆటలు పనికొస్తాయి. అయితే ఒక్కో ఆట శరీరాన్ని ఒక్కో రకంగా అడుగుతుంది గనక తెలిసి ఎంచుకోవాలి. అచ్చంగిల్లాల్లో ఒళ్లు కదలదు, చేయీ కన్నూ కలిసి పనిచేస్తాయి. బెదిరిన బిడ్డకు మొదటి వారం అది చాలు. ఒప్పులకుప్పలో చేతులు పెనవేసి ఎదుటివారి బరువును నమ్మాలి. ఇంట్లో దెబ్బలు తిన్న బిడ్డతో దానికి తొందరపడకూడదు. దాగుడుమూతలు తల్లి దూరమైన బిడ్డలు మళ్లీ మళ్లీ కోరుకునే ఆట. దొరకడం, దొరకబుచ్చుకోవడం వారికి అవసరం కాబట్టి విసుగుపడకుండా ఆడాలి, మరీ త్వరగా కనిపెట్టేయకూడదు. డప్పో, పళ్లెమో కొడుతున్నంతసేపు కదిలి, ఆగగానే బిగుసుకుపోయే ఆట, చేతులు కాళ్లు ఆపుకోలేని బిడ్డకు మంచి సాధన. అయితే కొట్టే వంతు బిడ్డకూ రావాలి, మనల్ని ఆపే అధికారం తనకుందని తెలియాలి.

కోలాటం గురించి కాస్త ఎక్కువ చెప్పవలసి ఉంది. ఎదుటివారి ఒళ్లు తాకకుండానే వారితో కలిసే వీలు అందులో ఉంది. మధ్యలో కర్ర ఉంటుంది, దూరం మనకు కావలసినంత పెట్టుకోవచ్చు. ముట్టుకుంటే ఉలిక్కిపడే బిడ్డకు, పెద్దమనిషి అయిన ఆడపిల్లకు, వేర్వేరు వాడల నుంచి వచ్చిన పిల్లలు కలిసిన బృందానికి ఇది ఎంతో అనువు. ఒక తట్టు, ఒక విరామం, మరో తట్టు: ఇంతే నేర్పి వదిలేయాలి. ఆ తట్టు బలం ఎంతో, ఎదుటివారి కర్ర వచ్చేదాకా ఆగగలుగుతోందో లేదో బిడ్డే చూపిస్తుంది. హొళగుంద మండలం దేవరగట్టు చుట్టుపక్కల ఊళ్ల పిల్లలు మాత్రం కర్ర చేతికి రాగానే దసరా రాత్రి ఊళ్లవారు కర్రలతో తలపడే బన్నీ ఉత్సవాన్ని ఆడవచ్చు. అది వారికి దేవుడి పని. హింస అని ఉలిక్కిపడకుండా, కర్రలు తలల మీదికి పోకుండా హద్దు పెట్టి, ఆడనివ్వాలి.

పన్నెండేళ్లకు దగ్గరవుతున్న ఆడపిల్లలతో మగ కౌన్సెలర్ ఒంటరిగా కదలిక ఆటలు ఆడకపోవడం మంచిది. తోడుగా ఒక మహిళ ఉండాలి, తలుపు ఓరగా తెరిచి ఉండాలి. ఓణీనో దుపట్టానో పదే పదే సర్దుకోవలసి వచ్చే ఆట వద్దు. మరీ సిగ్గుపడే బిడ్డకు తెల్లటి దుప్పటి కట్టి, వెనక టార్చిలైటు పెట్టి నీడగా కదలమనవచ్చు. నిమ్మలకుంట తోలుబొమ్మల సంగతి ఎరిగిన అనంతపురం వైపు పిల్లలకు తెర వెనక ఆట కొత్త కాదు.

పళ్లెం మీద చావు డప్పు

ఏడేళ్ల బాబు ఒకడు స్టీలు పళ్లెం బోర్లించి రెండు పుల్లలతో కొడుతున్నాడనుకుందాం. కొట్టేది నిదానంగా, ఒకే వరసగా ఉంది. తర్వాత లేచి, బొమ్మను గుడ్డలో చుట్టి భుజం మీద పెట్టుకుని, గది చుట్టూ అదే లయలో నడుస్తున్నాడు. మూలకు రాగానే బొమ్మను దించి, మళ్లీ ఎత్తుకుంటున్నాడు. తాత పోయి నెల కాలేదని అవ్వ ముందే చెప్పి ఉంది. ‘శవం ఆట ఆడకూడదు, అశుభం’ అని ఆపాలని ఇక్కడ పెరిగిన మనకే అనిపిస్తుంది. ఆపకూడదు. ‘తాతను తీసుకుపోతున్నావా’ అని అర్థం చెప్పేయడమూ తగదు. కంటికి కనబడేదే చెప్పాలి: ‘నిదానంగా కొడుతున్నావు. మోసుకుని నడుస్తున్నావు. మూలకొచ్చాక దించినావు.’ బాబు రెండో పళ్లెం మన వైపు తోస్తే అదే లయ అందుకోవాలి, వేగం పెంచి హుషారు చేయడానికి చూడకూడదు. చాలా బరువుగా ఉందన్నట్టు వాడి మోకాళ్లు వంగితే ‘బరువుగా ఉంది’ అనాలి. ‘మోయలేకుండా ఉండా’ అని వాడే అంటే, అది తాత మాటో బొమ్మ మాటో మనం తేల్చవలసిన పని లేదు.

డప్పుతో ఇంకో చిక్కు ఉంది. డప్పు కళ ఎక్కువగా మాదిగ కుటుంబాలు కాపాడుకుంటూ వచ్చినది, దాన్ని పట్టుకునే కులాన్ని బట్టి బడిలో ఎగతాళి చేసేవారూ ఉన్నారు. ఆ ఇంటి బిడ్డ డప్పు చూసి గర్వంగా అందుకోవచ్చు, ముట్టుకోకుండా తప్పుకోవచ్చు. ‘నీకు బాగా వస్తుంది కదా, కొట్టు’ అని పిల్లలందరి ముందూ అనడం మంచి ఉద్దేశంతో చేసినా గాయం చేస్తుంది. నాలుగైదు వాయిద్యాలు పెట్టి ఎవరికి నచ్చింది వారిని తీసుకోనివ్వాలి. చిడతలు, గజ్జెలు, డబ్బాలు, పళ్లేలు కూడా అందులో ఉండాలి.

పీర్ల పండుగ తర్వాత పీర్లు ఎత్తడం, గుండం చుట్టూ ఎగరడం ఆటలోకి వస్తాయి. నార్పల మండలం గూగూడులో కుళ్లాయిస్వామి పీర్ల వద్దకు హిందువులూ ముస్లింలూ కలిసే వస్తారు కాబట్టి, ఆ ఆటను బట్టి బిడ్డ మతం ఊహించబోతే తప్పే అవుతుంది. పూనకం ఆడే బిడ్డ విషయంలో రెండు గమనించాలి: ఆట మధ్యలో మనతో మాట కలుపుతోందా, ఆపమన్నప్పుడు ఆపగలుగుతోందా. రెండూ ఉంటే అది ఆటే. బిడ్డ తెలివి తప్పినట్టు ఉండి, తర్వాత ఏమీ గుర్తులేదంటే ఫిట్స్ కూడా అయి ఉండవచ్చు గనక ఆలస్యం చేయకుండా డాక్టరుకు చూపించాలి.

హద్దు పెట్టే తీరు

కోపం రావచ్చు, కొట్టడం కుదరదు అనే తేడా బిడ్డకు తెలియాలి. అమెరికా ప్లే థెరపీ నిపుణుడు గ్యారీ లాండ్రెత్ నేర్పిన మూడు మెట్ల క్రమం ఇందుకు బాగా పనిచేస్తుంది: ముందు బిడ్డ భావాన్ని గుర్తించడం, తర్వాత హద్దు చెప్పడం, ఆ పైన మరో దారి చూపడం. మన మాటలో అది ఇలా వస్తుంది: ‘నా మీద నీకు బాగా కోపమొచ్చింది. నేను కొట్టించుకునేదానికి లేను. ఆ దిండు ఉంది, దాన్ని కొట్టు.’ గొంతు పెంచకుండా, ‘తప్పు నాయనా’, ‘మంచిపిల్లోళ్లు అట్ల చేయరు’ అనే మాటలు కలపకుండా చెప్పాలి. అవి నోటికి అలవాటైన మాటలు గనక సాధన లేనిదే పోవు.

బొమ్మ కత్తి, బొమ్మ తుపాకీ గదిలో ఉండవచ్చు. సీమ బిడ్డ కొడవలి ఎత్తగానే ఫ్యాక్షన్ అని నోట్సులో రాసేవారు సినిమాలు ఎక్కువ చూసినవారు. చాలాసార్లు ఆ బిడ్డా అదే సినిమా చూసి ఉంటుంది. ఇంట్లో నిజంగా హత్య చూసిన బిడ్డ ఆట వేరుగా ఉంటుంది: మార్పు లేకుండా అదే దృశ్యం తిరుగుతుంది, ఆటయ్యాక బిడ్డకు తేలిక రాదు. అప్పుడు ఒంటరిగా మోయకుండా కర్నూలు, అనంతపురం, కడప ప్రభుత్వ సర్వజనాసుపత్రుల మానసిక వైద్య విభాగానికి గానీ, బెంగళూరులోని జాతీయ మానసిక ఆరోగ్య సంస్థ నిమ్హాన్స్‌కు గానీ పంపాలి. ప్రభుత్వ మానసిక ఆరోగ్య హెల్ప్‌లైన్ టెలి మానస్ 14416 నంబరు తెలుగులో కూడా పలుకుతుంది.

లైంగిక వేధింపు జరిగినట్టు ఆటలో గానీ మాటలో గానీ తెలిసినా, అనుమానం కలిగినా, 2012 పోక్సో చట్టం ప్రకారం ప్రత్యేక బాలల పోలీసు విభాగానికో, స్థానిక పోలీసులకో తెలియజేయడం తప్పనిసరి. చైల్డ్‌లైన్ 1098 సాయం తీసుకోవచ్చు. పరువు పోతుందని పెద్దలు బతిమాలినా ఇందులో వెసులుబాటు లేదు. ఎవరు, ఎప్పుడు, ఎలా అని బిడ్డను గుచ్చి గుచ్చి అడగడం మన పని కాదు, పైగా అది విచారణను దెబ్బతీయవచ్చు. బిడ్డ అన్న మాటలను అన్నట్టే రాసి పెట్టుకోవాలి.

సెషన్ ముగించేటప్పుడు

అయిదు నిమిషాల ముందే ‘ఇంకో అయిదు నిమిషాలుంది’ అని చెప్పాలి. ఎగిరి దూకిన ఒళ్లు వెంటనే బస్సెక్కే స్థితిలో ఉండదు. నేల మీద పడుకుని కడుపు మీద తేలికపాటి బొమ్మ పెట్టుకుని, ఊపిరికి అది పైకీ కిందికీ పోవడం చూడమంటే చాలామంది నెమ్మదిస్తారు. పడుకోవడం ఇష్టపడని బిడ్డను బలవంతపెట్టకుండా గోడకు ఆనుకుని కూర్చోబెట్టాలి. బొమ్మలు సర్దమని ఆజ్ఞాపించడం అవసరం లేదు.

బయట కాచుకున్న అవ్వ ‘ఏం చెప్పినాడు సారూ’ అని తప్పకుండా అడుగుతుంది. లోపల ఆడిన ఆటలు వరసపెట్టి చెప్పడం బిడ్డ నమ్మకాన్ని పోగొడుతుంది, ఏమీ చెప్పకపోతే వచ్చే వారం బస్సు ఎక్కరు. ఇంట్లో చేయదగినది ఒకటి చెప్పి పంపాలి: ‘పడుకునే ముందు కాసేపు అచ్చంగిల్లాలు ఆడండి అవ్వా, వాడు గెలిస్తే గెలవనీండి, మీ కూతురు ఫోన్ చేసినప్పుడు మార్కులు కాకుండా ఏం ఆడినావని అడగమనండి.’ వారు వెళ్లిన వెంటనే నోట్సు రెండు భాగాలుగా రాయాలి: కంటితో చూసింది ఒక పక్క, మనకు తోచిన అర్థం ఇంకో పక్క. రెండో పక్కన రాసినదాని ఎదుట, ఇంటివారిని గానీ ఆ ఊరు ఎరిగినవారిని గానీ బిడ్డ వివరాలు బయటపెట్టకుండా ఏం అడిగి తెలుసుకోవాలో కూడా రాసుకుంటే, తర్వాతి సెషన్‌కు ముందు చేయవలసిన పని సిద్ధంగా ఉంటుంది.